ఆవు కొమ్ములో పేడ, ఆకాశంలో చంద్రుడు: బయోడైనమిక్ వ్యవసాయం వెనకున్న నమ్మకాలు

చలికాలం మొదలయ్యే ముందు ఒక గొయ్యి తవ్వుతారు, మోకాలి లోతు ఉంటుంది, ఒక్కోసారి కాస్త ఎక్కువే. ఆవు కొమ్ములు తీసుకుని (ఆవువే కావాలి, ఎద్దు కొమ్ములు పనికిరావంటారు) వాటి లోపల పచ్చి పేడ కూరతారు, మధ్యలో గాలి ఉండిపోకుండా కొమ్ముని తట్టి తట్టి మరీ నింపుతారు, నింపినవన్నీ గోతిలో పేర్చి మట్టి కప్పేసి చలికాలమంతా అలా వదిలేస్తారు. మళ్ళీ వేడి మొదలయ్యేటప్పటికి తవ్వి తీస్తే లోపలిది పేడలా ఉండదు, నల్లగా మెత్తగా అయిపోయి, పేడ కంపు పూర్తిగా పోయి, వానకి తడిసిన అడవి మట్టి వాసన వస్తుంది. అందులోంచి కాస్త తీసి గోరువెచ్చని నీళ్ళలో వేసి గంటసేపు తిప్పుతారు. ఊరికే కలపడం కాదు, ఒకవైపు గిరగిరా తిప్పుతూ పోతే నీళ్ళ మధ్యలో బకెట్ అడుగు కనపడేదాకా సుడి పడుతుంది, పడగానే చెయ్యి ఆపి ఎదురు దిక్కుకి తిప్పాలి, అప్పుడు ఆ సుడి విరిగిపోయి నీళ్ళు గందరగోళంగా నురగ కక్కి మెల్లగా ఇటువైపు కొత్త సుడి పడుతుంది, అది పడగానే మళ్ళీ ఎదురు. ఇలా గంట. తర్వాత సాయంత్రం పూట ఆ నీళ్ళని పెద్ద పెద్ద చుక్కలుగా నేల మీద చల్లేస్తారు. బయోడైనమిక్ వాళ్ళు, అంటే రసాయనాలు వాడకుండా, ఆకాశం నుంచి వచ్చే శక్తుల్ని కూడా లెక్కలోకి తీసుకుని సాగు చేసేవాళ్ళు, దీన్ని 500 నంబర్ ప్రిపరేషన్ (తయారీ) అంటారు, మొత్తం పద్ధతికి ఇదే గుండెకాయ.

ఇక్కడే ఒక చిన్న లెక్క చూడాలి. హెక్టారుకి వాడే కొమ్ము ఎరువు సుమారు 100 గ్రాములు. అందులో నత్రజని ఎంత ఉన్నా రెండు మూడు గ్రాములకి మించదు, బాగా పండిన గోధుమ పంట హెక్టారుకి వంద కిలోలకి పైనే నత్రజని లాగేస్తుంది, అంటే ఎరువు అనే మాటకి మామూలుగా ఉన్న అర్థంలో ఇది ఎరువే కాదు. 501 అనే ఇంకోటి ఉంది, పలుగురాయిని మెత్తటి పొడి చేసి కొమ్ములో పెట్టి ఈసారి వేసవి అంతా పాతిపెట్టేది, అది ఇంకా తక్కువ, హెక్టారుకి 4 గ్రాముల దగ్గర. మరి ఇన్ని తక్కువ గ్రాముల కోసం అంత శ్రమ ఎందుకు అంటే, వాళ్ళ దృష్టిలో పొలానికి వెళ్ళేది పదార్థం కాదు, శక్తి. బయోడైనమిక్ ని ఆర్గానిక్ లో ఒక రకం అనుకుని చదివితే ఈ ముక్క అర్థం కాదు. పద్ధతుల్ని ఒక పక్కన, ఆధ్యాత్మిక భాగాన్ని ఇంకో పక్కన పెట్టి "మంచిది తీసుకుందాం, మిగతాది వదిలేద్దాం" అని చాలామంది చెప్తారు గానీ ఇందులో ఆ రెండూ ఒకే తాడులో పేనిన పోగులు, పోనీ విడదీసి చూద్దామన్నా ముందు ఎలా పేనారో తెలియాలి.

ఇదంతా మొదలుపెట్టిన మనిషి రుడాల్ఫ్ స్టైనర్, 1861లో అప్పటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో, ఇప్పుడు క్రొయేషియాలో ఉన్న క్రాల్యెవెచ్ లో పుట్టాడు, తండ్రి రైల్వే ఉద్యోగి. స్టైనర్ రైతు కాదు, వ్యవసాయ శాస్త్రవేత్త కూడా కాదు. వియన్నాలో టెక్నికల్ చదువు చదివి, జర్మన్ కవి గోథే రాసిన సైన్స్ రచనలకి ఎడిటర్ గా ఏళ్ళ తరబడి పనిచేశాడు, ఆ గోథే ప్రభావం చివరిదాకా పోలేదు. గోథే 1790లో మొక్కల రూపాంతరం గురించి రాసిన పుస్తకంలో ఆకు, రేకు, కేసరం అన్నీ ఒకే మూలరూపం మారుతూ మారుతూ వచ్చినవే అంటాడు, మొక్కని ముక్కలుగా కోసి కాకుండా ఎదుగుతున్న మొత్తంగా చూడాలంటాడు. స్టైనర్ ఆ చూపుని పట్టుకుని చాలా దూరం వెళ్ళాడు. 1902లో థియోసాఫికల్ సొసైటీ జర్మన్ శాఖకి పెద్ద అయ్యాడు, అనీ బిసెంట్ వాళ్ళు జిడ్డు కృష్ణమూర్తిని రాబోయే జగద్గురువుగా నిలబెట్టడం నచ్చక విభేదాలు ముదిరి 1912-13 ప్రాంతంలో బయటికొచ్చి ఆంథ్రపోసఫీ అనే సొంత మార్గం పెట్టుకున్నాడు. కంటికి కనపడని లోకాన్ని కూడా శిక్షణతో, క్రమపద్ధతిలో తెలుసుకోవచ్చు, అది కూడా సైన్సే అని దాని సారాంశం. వాల్డార్ఫ్ స్కూళ్ళు కూడా ఇందులోంచి వచ్చినవే.

వ్యవసాయం మాత్రం చివర్లో వచ్చింది, అదీ రైతులు అడిగితే వచ్చింది. గాలిలోని నత్రజనిని ఫ్యాక్టరీలో పట్టే పద్ధతి 1913లో జర్మనీలోని ఒప్పావులో పెద్ద ఎత్తున మొదలైంది, మొదటి ప్రపంచ యుద్ధంలో అదే నత్రజని పేలుడు పదార్థాలకి పోయింది, యుద్ధం అయ్యాక పొలాల మీదికి వచ్చింది. స్టైనర్ శిష్యుల్లో ఉన్న భూస్వాములు, రైతులు విత్తనాల బలం తగ్గుతోందని, పశువులకి రోగాలు పెరుగుతున్నాయని, ఇదివరకు ఏళ్ళ తరబడి బాగా పండిన పొలం ఇప్పుడు ఊరికే నీరసపడుతోందని వచ్చి చెప్పుకున్నారు. పెస్టిసైడ్ల మీద పెద్ద చర్చ మొదలవడానికి ఇంకా దశాబ్దాలు ఉన్న రోజుల్లో ఈ దిగులు పడ్డారంటే వాళ్ళ కన్ను ఎంత నిశితమైందో చూడండి, ఆ ఒక్క విషయంలో వాళ్ళకి దక్కాల్సిన గౌరవం ఇంకా పూర్తిగా దక్కలేదు.

1924 జూన్ 7 నుంచి 16 వరకు కోబర్విట్జ్ అనే ఊళ్ళో, అప్పటి జర్మనీ సైలీషియా, ఇప్పుడు పోలండ్ లో వ్రోత్స్వాఫ్ దగ్గర, కౌంట్ కైజర్లింక్ ఎస్టేట్ లో ఎనిమిది ఉపన్యాసాలు జరిగాయి, వందమందికి పైగా వచ్చారు. మొత్తం బయోడైనమిక్ కి పునాది ఆ ఎనిమిదే. అప్పటికే స్టైనర్ ఆరోగ్యం పాడైంది, 1925 మార్చిలో చనిపోయాడు, కాబట్టి తను చెప్పింది పొలంలో ఎలా నడిచిందో చూసే అవకాశమే రాలేదు. బయోడైనమిక్ అనే పేరు కూడా తర్వాతి వాళ్ళు పెట్టుకున్నదే. ఆ కోర్సుకి కొంచెం ముందు స్విట్జర్లాండ్ లోని ఆర్లెస్‌హైమ్ లో మొట్టమొదటిసారి పాతిపెట్టిన కొమ్ముల్ని తవ్వి తీసిన సంగతి ఎహ్రెన్‌ఫ్రీడ్ ఫైఫర్ అనే శిష్యుడు రాశాడు. ఎక్కడ పాతారో గుర్తులేక వెతుక్కుని వెతుక్కుని చివరికి తీశారట, ఒక కొమ్ములోది బకెట్ నీళ్ళలో వేసి, కలపడానికి ఏమీ లేక స్టైనర్ తన చేతికర్రతోనే తిప్పి చూపించాడట. ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తున్న సుడి తిప్పడం అలా ఒక చేతికర్రతో మొదలైంది.

ఇక నమ్మకం లోపలికి వెళ్తే, ఆంథ్రపోసఫీ ప్రకారం రాయికి ఉన్నది భౌతిక శరీరం ఒక్కటే. మొక్కకి దాంతోపాటు ప్రాణశరీరం, అంటే ఈథరిక్, ఉంటుంది. జంతువుకి వాటి పైన అనుభూతి, కోరిక ఉండే ఆస్ట్రల్ శరీరం, మనిషికి ఆ మూడింటి పైన 'నేను' అనేది. మొక్కలో ఆస్ట్రల్ లోపల ఉండదు, బయట నుంచి వచ్చి తాకుతుంది, పువ్వు పూసే చోట ఆ తాకిడి కనిపిస్తుందంటాడు. ఆకాశం నుంచి వచ్చే ప్రభావాలు రెండు దారుల్లో వస్తాయి, శని, గురుడు, కుజుడు లాంటి దూరపు గ్రహాల ప్రభావం సిలికా (పలుగురాయిలో ఉండేది ఇదే) ద్వారా, చంద్రుడు, శుక్రుడు, బుధుడు లాంటి దగ్గరి వాటి ప్రభావం సున్నం ద్వారా. సున్నం వైపు ఉన్నది మొక్కకి పునరుత్పత్తి, ఏపుగా పెరిగే గుణం ఇస్తుంది, సిలికా వైపు ఉన్నది రుచి, పోషణ, పక్వత ఇస్తుంది. ఈ చట్రం తెలిస్తే 500, 501 రెండూ ఎందుకు జంటగా ఉంటాయో అర్థమవుతుంది, ఒకటి చలికాలంలో భూమి లోపలికి ముడుచుకున్నప్పుడు పాతి నేలకీ వేళ్ళకీ చల్లేది, రెండోది వేసవిలో వెలుతురు కింద పాతి పొద్దున్నే సన్నటి తుంపరగా ఆకుల మీద చల్లేది. మరి ఆవు కొమ్మే ఎందుకు? దుప్పి కొమ్ములు శక్తిని బయటికి చిమ్ముతాయి, ఆవు కొమ్ములు అదే శక్తిని జీర్ణకోశంలోకి తిప్పి పంపుతాయి, కాబట్టి ఆవు కొమ్ములో పెట్టిన పేడలో ఆ శక్తి పోగుపడుతుంది, ఇదీ ఆయన వాదన.

కంపోస్ట్ కుప్పలో పెట్టేవి ఇంకో ఆరు. యారో పూలు మగ దుప్పి మూత్రాశయంలో, చామొమైల్ పూలు ఆవు పేగులో, ఓక్ బెరడు పెంపుడు జంతువు పుర్రెలో, డాండిలయన్ పూలు ఆవు పేగుల్ని పట్టి ఉంచే పల్చటి పొరలో, నెటిల్ అనే దురద మొక్కని ఏ తొడుగూ లేకుండా నేరుగా మట్టిలో, ఆరోది వలేరియన్ పూల రసం. వీటికి 502 నుంచి 507 దాకా నంబర్లు, 508 హార్స్‌టెయిల్ అనే మొక్క కషాయం, అది శిలీంధ్రాల తెగుళ్ళకి. ఒక్కోటి చెంచాడు చొప్పున పెద్ద కుప్పలో అక్కడక్కడా గుచ్చి పెడతారు. ఇంకా కొన్ని మాటలు వింటే ఇప్పటి బయోడైనమిక్ రైతుల్లోనే చాలామంది ఇబ్బందిగా తప్పించుకుంటారు. పొలంలో ఎలుకలు తగ్గాలంటే శుక్రుడు వృశ్చిక రాశిలో ఉన్నప్పుడు ఎలుక తోలు కాల్చి ఆ బూడిద చల్లమన్నాడు. జీవక్రియలో సున్నం, పొటాష్ నత్రజని లాంటిదిగా మారతాయన్నాడు, ఒక మూలకం ఇంకో మూలకంగా మారడం అణు కేంద్రకంలో తప్ప ఎక్కడా జరగదు, కాబట్టి అది తప్పు, దాన్ని మెత్తగా చెప్పాల్సిన పని లేదు.

అయితే అదే ఉపన్యాసాల్లో ఇంకో ఆలోచన ఉంది. పొలం ఒక జీవి. దానికి కావలసినవి వీలైనంత వరకు దాని లోపలే పుట్టాలి, బయట నుంచి తెచ్చుకునే ఎరువు, మేత అంటే జబ్బు పడ్డ జీవికి ఇచ్చే మందు లాంటిది. పశువులు ఎన్ని ఉండాలంటే ఆ నేల మేపగలిగినన్ని, పేడ ఎంత కావాలంటే ఆ నేలకి చాలినంత, పక్షులకి చెట్లు, పురుగులకి పొదలు, బూజుకి తడి మైదానం కూడా పొలంలో భాగమే, వాటికి చోటు ఇవ్వకపోతే అవి పంట మీదికి వస్తాయి. దీన్ని నమ్మడానికి ఆస్ట్రల్ శరీరం అక్కర్లేదు. పోషకాల చక్రం, జీవవైవిధ్యం అని ఇవాళ వ్యవసాయ కాలేజీల్లో చెప్పేది దాదాపు ఇదే, కాకపోతే ఆయన 1924లో చెప్పాడు, వేరే భాషలో చెప్పాడు.

ఈ ఆలోచనే ఎక్కువ దూరం ప్రయాణించింది కూడా. ఇంగ్లండ్ లో లార్డ్ నార్త్‌బోర్న్ 1939లో ఫైఫర్ ని తన ఎస్టేట్ కి పిలిచి బయోడైనమిక్ మీద సభ పెట్టించాడు, మరుసటి ఏడాది తన పుస్తకంలో పొలాన్ని ఒక ఆర్గానిజంగా చూడాలంటూ 'ఆర్గానిక్ ఫార్మింగ్' అనే మాట వాడాడు, ఇవాళ ప్యాకెట్ల మీద కనపడే ఆర్గానిక్ అనే పదం మూలం అక్కడుంది. అమెరికాలో 1957లో లాంగ్ ఐలాండ్ మీద విమానాలతో డీడీటీ చల్లినప్పుడు మార్జోరీ స్పాక్, మేరీ రిచర్డ్స్ అనే ఇద్దరు బయోడైనమిక్ తోటమాలులు ప్రభుత్వం మీద కోర్టుకెళ్ళారు, తమ తోట పాడైందని. ఓడిపోయారు, 1960లో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు, కానీ ఆ కేసులో పోగైన సాక్ష్యాలు, కాగితాలు రచయిత్రి రేచల్ కార్సన్ చేతికి చేరాయి, 1962లో ఆవిడ రాసిన సైలెంట్ స్ప్రింగ్ కి అవి ముఖ్యమైన ముడిసరుకు అయ్యాయి. స్పాక్ స్వయంగా స్టైనర్ దగ్గర చదువుకున్న మనిషి. పురుగుమందుల మీద ప్రపంచం కళ్ళు తెరిపించిన పుస్తకం వెనక సుడి తిప్పే ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారన్న సంగతి ఇంకా చాలామందికి తెలియాలి. 1986లో అమెరికాలో మొదలైన, ఊరివాళ్ళు ముందే డబ్బులు కట్టి పొలం ఖర్చుని, నష్టాన్ని పంచుకునే పద్ధతి కూడా బయోడైనమిక్ మనుషుల నుంచే వచ్చింది. ఈజిప్ట్ ఎడారిలో 1977లో ఇబ్రహీం అబూలైష్ మొదలుపెట్టిన సెకెం అనే వ్యవసాయ సంస్థ సరేసరి, ఇసుకని కంపోస్ట్ తో నేలగా మార్చి పత్తి, మూలికలు పండించారు.

చంద్రుడి సంగతి వేరుగా చెప్పుకోవాలి ఎందుకంటే బయోడైనమిక్ అనగానే తోటపని చేసేవాళ్ళకి ముందు గుర్తొచ్చేది క్యాలెండరే, కానీ ఆ క్యాలెండర్ స్టైనర్ ది కాదు. జర్మనీలో మరియా టూన్ అనే ఆవిడ 1950ల్లో ముల్లంగి విత్తుతూ ఏ రోజు వేసినవి ఎలా వచ్చాయో రాసుకుంటూ పోయి 1960ల నుంచి ఏటా క్యాలెండర్ వేసింది. చంద్రుడు 27 రోజుల పైచిలుకులో రాశుల చక్రం తిరుగుతాడు కదా, వృషభం, కన్య, మకరంలో ఉంటే వేరు రోజులు, కర్కాటకం, వృశ్చికం, మీనంలో ఉంటే ఆకు రోజులు, మిథునం, తుల, కుంభంలో పువ్వు రోజులు, మేషం, సింహం, ధనుస్సులో కాయ రోజులు. క్యారెట్ వేరు రోజున, పాలకూర ఆకు రోజున అన్నమాట. వినడానికి చాలా అందంగా ఉంటుంది, వాడటం కూడా తేలిక, అందుకే పాకింది. కానీ ఇదే ఉద్యమంలో ఉన్న పరిశోధకుడు హార్ట్‌ముట్ స్పీస్ ఏళ్ళ తరబడి జాగ్రత్తగా ట్రయల్స్ వేసి చూస్తే టూన్ చెప్పిన రాశుల తేడాలు నిలబడలేదు. చంద్రుడి ఆకర్షణకి సముద్రం పొంగుతుంది కాబట్టి మొక్కలో రసం కూడా పొంగుతుంది అనే మాట కూడా తరచుగా వినిపిస్తుంది, సముద్రం పొంగడానికి కారణం దాని వైశాల్యం, వేల కిలోమీటర్ల మేర ఆకర్షణలో వచ్చే తేడా, ఒక మడి వెడల్పులో ఆ తేడా లేనట్టే లెక్క.

మరి మొత్తం పద్ధతి పనిచేస్తుందా అంటే, ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోతుంటాయి, వాటిని విడదీయకుండా జరిగే వాదనలన్నీ గాలిలో కత్తి తిప్పడమే. మొదటి ప్రశ్న, బయోడైనమిక్ పొలం రసాయన పొలం కంటే నేలకి మంచిదా? చాలావరకు అవును. న్యూజిలాండ్ లో రెండు రకాల పొలాల్నీ పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనం 1993లో వచ్చింది, నేల నిర్మాణం, సేంద్రియ పదార్థం, వానపాములు బయోడైనమిక్ లోనే మెరుగు. స్విట్జర్లాండ్ లోని థెర్విల్ లో 1978 నుంచి నడుస్తున్న డీఓకే ట్రయల్ ఇంకా పెద్దది, బయోడైనమిక్, ఆర్గానిక్, మామూలు పద్ధతులు ఒకే నేలలో ముక్కలు ముక్కలుగా. 21 ఏళ్ళ ఫలితాలు 2002లో ప్రకటించారు, ఆర్గానిక్ పద్ధతుల్లో దిగుబడి 20 శాతం తక్కువ, కానీ ఎరువు రూపంలో వేసిన పోషకాలు, ఖర్చయిన ఇంధనం 34 నుంచి 53 శాతం తక్కువ, పురుగుమందులు 97 శాతం తక్కువ, నేలలో సూక్ష్మజీవుల సంఖ్య అన్నిటికంటే బయోడైనమిక్ మడుల్లో ఎక్కువ. రెండో ప్రశ్న, ఆ మంచి ప్రిపరేషన్ల వల్ల వచ్చిందా? ఇది చెప్పాలంటే మిగతాదంతా సమానంగా ఉంచి ప్రిపరేషన్లు ఒక పక్క వేసి ఇంకో పక్క మానేసి చూడాలి. థెర్విల్ లో అలా లేదు, బయోడైనమిక్ మడులకి వేసే పేడని బాగా కంపోస్ట్ చేసి వేస్తారు, మిగతావాటికి వేసేది వేరు, కాబట్టి తేడా కంపోస్ట్ దా కొమ్ముదా తేలదు. కాలిఫోర్నియాలో ఒక మెర్లో రకం ద్రాక్షతోటలో సరిగ్గా అలాగే చేశారు, రెండు వైపులా ఒకే ఆర్గానిక్ సాగు, ఒకవైపు మాత్రమే ప్రిపరేషన్లు. ఆరేళ్ళలో నేల నాణ్యతలో తేడా ఏమీ కనపడలేదు. కంపోస్ట్ కుప్పల మీద జరిగిన ఒక ప్రయోగంలో ప్రిపరేషన్లు పెట్టిన కుప్పలు సగటున మూడు డిగ్రీలకి పైగా ఎక్కువ వేడెక్కాయి, అలాంటివి అక్కడక్కడా ఉన్నాయి, కాదనక్కర్లేదు, కానీ పొలం దాకా వచ్చేసరికి నిలకడగా నిలిచిన ప్రభావం లేదు. అంటే మేలు చేసింది పేడ, పంట మార్పిడి, రసాయనాలు మానడం, పశువులు, రైతు కళ్ళు.

రైతు కళ్ళు అన్నమాట మీద కాస్త ఆగాలి. నమ్మకం తీసేస్తే ఆ పని అంతా జరిగేదా అన్నది నిజమైన ప్రశ్న. పొలం జీవి అని మనస్ఫూర్తిగా అనుకున్నవాళ్ళు కాబట్టే 1928లో రిజిస్టర్ అయిన వాళ్ళ డిమీటర్ సర్టిఫికేషన్ ముద్రకి ఇవాళ్టికీ మామూలు ఆర్గానిక్ కంటే గట్టి నియమాలున్నాయి, సగం పొలం బయోడైనమిక్, సగం రసాయనం అంటే కుదరదు, పదోవంతు నేల జీవవైవిధ్యానికి వదలాలి, ఆవుల కొమ్ములు తీసేయకూడదు. కొమ్ముల్లో ఆస్ట్రల్ శక్తి ఉందో లేదో గానీ దూడ కొమ్ము మొగ్గల్ని కాల్చేసే బాధ ఆ పొలాల్లో లేదు. వాతావరణం, తేమ, మబ్బు చూసుకుని ఏడాదికి కొన్నిసార్లు తెల్లవారుజామున, కొన్నిసార్లు పొద్దుగూకేటప్పుడు ప్రతి మడి పక్కనా నడిచి చల్లే మనిషికి తెగులు మొదటి మచ్చ దగ్గరే కనపడుతుంది.

కానీ నమ్మకం మనిషిని మంచివాడిని చేసేస్తుందని మాత్రం అనుకోకూడదు, చరిత్ర అలా చెప్పట్లేదు. నాజీ పాలనలో ఆంథ్రపోసాఫికల్ సొసైటీని 1935లో నిషేధించారు, అయినా బయోడైనమిక్ సంఘం నాజీ పెద్దల్లో కొందరి అండతో కొనసాగింది, వాళ్ళలో ఒకడైన హిట్లర్ డిప్యూటీ రుడాల్ఫ్ హెస్ బ్రిటన్ కి పారిపోయాక 1941లో దాన్నీ మూసేశారు. ఆ తర్వాత కూడా నాజీ సాయుధ దళం ఎస్ఎస్ నడిపిన తోటల్లో ఈ పద్ధతి వాడారు, అందులో డాహావ్ నిర్బంధ శిబిరం మూలికల తోట ఒకటి, అక్కడ చాకిరీ చేసింది ఖైదీలు, ఎంతోమంది చనిపోయారు. నేలని జీవిగా చూసే పద్ధతి మనుషుల్ని పశువులకన్నా హీనంగా చూసిన చోట కూడా ఇమిడిపోయింది, బయోడైనమిక్ గురించి ప్రేమగా రాసేవాళ్ళు ఈ పేజీ దాటేయడం అన్యాయం.

ఇప్పుడు ఈ పద్ధతికి ఎక్కువ పేరు తెస్తున్నది వైన్. ఫ్రాన్స్ లో లువార్ నది పక్కన నికోలా జోలీ, బర్గండీలో లెరువా, లఫ్లేవ్ లాంటి పెద్ద పెద్ద తోటలు ఇటు వచ్చాయి, ఆ స్థాయిలో చేతితో సుడి తిప్పడం ఎంత మందికి సాధ్యం, అందుకే పెద్ద తోటల్లో మోటారు మీద తిరిగే యంత్రాలు, గంట అవగానే ఆగిపోయే టైమర్లు వచ్చాయి. దీని మీద ఉద్యమం లోపలే ఎప్పటి నుంచో వాదన ఉంది. శక్తి కొమ్ములోదే అయితే యంత్రం తిప్పినా ఒకటే కావాలి, తిప్పే మనిషి శ్రద్ధే అందులోకి వెళ్తుందంటే యంత్రం పనికిరాదు. కోబర్విట్జ్ లోనే ఒక రైతు ఇది అడిగాడు. చేత్తో తిప్పేటప్పుడు చేతి సున్నితమైన కదలికలు, మనిషి మనసులో ఉన్నది కూడా నీళ్ళలోకి వెళ్తాయి, అది యంత్రంలో రాదు అన్నాడు స్టైనర్. మరి అంత పని ఎవరు చేస్తారంటే, ఆదివారం ఇంటికొచ్చిన చుట్టాల్ని కూడా కూర్చోబెట్టి సరదాగా తిప్పించొచ్చు అని సలహా ఇచ్చాడు.